టైప్ 1 షుగర్ ఉంది, గర్భానికి ముందు ఆర్నెల్లు ఆగమంటున్నారు. నిజంగా ఆగాలా?

ముత్యాలగొలుసు | సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నా వయసు 31. పదమూడేళ్లప్పుడు టైప్ 1 షుగర్ బయటపడింది, అంటే ఇన్సులిన్‌తో నా కాపురానికి 18 ఏళ్లు. రెండేళ్లుగా కాస్త బీపీ కూడా ఉంది, టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాను. పిల్లలు కావాలనుకుని మొన్న డాక్టరు దగ్గరికి వెళ్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు) 8.3 వచ్చింది. "ఇది 6.5 లోపలికి రావాలి, బీపీ మాత్ర మార్చాలి, కళ్లు చూపించుకోవాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, ఆర్నెల్లు ఆగి రండి" అన్నారు. మొత్తం ఐదు నిమిషాలు. బయటికొచ్చాక లిఫ్టు దగ్గర ఏడుపొచ్చేసింది.

నా ప్రశ్న ఒక్కటే. గర్భం వచ్చాక జాగ్రత్తపడితే చాలదా? అప్పుడు ఎలాగూ వారం వారం చూస్తారు కదా. ముందే ఆర్నెల్లు దేనికి? నిజంగా అవసరమా, లేక రేపు ఏదైనా అయితే తమ మీదికి రాకుండా చెప్పే మాటా?

పాతకాపు | మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, మరీ టెన్షన్ పడకు. మా మేనత్తకు షుగర్ ఉండగానే ముగ్గురు పుట్టారు. ముగ్గురూ గుండ్రాళ్లలా ఉన్నారు. డాక్టర్లు చెప్పేవన్నీ వింటూ కూర్చుంటే ఎవరికీ పిల్లలు పుట్టరు.

రెండుచుక్కలు | మంగళవారం, ఉదయం 7:02

@పాతకాపు గారూ, పుట్టిన ముగ్గురి సంగతే కదా మీకు తెలిసింది. నిలవని కడుపులు ఎన్నో ఆవిడ మేనల్లుడికి చెప్పి ఉండదు.

వార్డుపిల్లి | మంగళవారం, మధ్యాహ్నం 2:40

కాన్పుల వార్డులో పనిచేసే ఫిజీషియన్ని. ప్రసవాలు చేసేది నేను కాదు. కడుపుతో ఉన్నవాళ్ల షుగరు, గుండె, కిడ్నీల వంటివి చూస్తుంటాను. మీ కాగితాలు చూడలేదు కాబట్టి మీ మందుల జోలికి పోను. "ముందే దేనికి" అన్నారు చూడండి, దానికి మాత్రం జవాబు చెప్తాను.

పీరియడ్ రెండు వారాలు దాటిపోయిందని మీరు టెస్టు చేసుకున్నారనుకోండి. డాక్టర్ల లెక్కలో అప్పటికే ఆరో వారం. పిండం వయసు నాలుగు వారాలు. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం 28వ రోజుకల్లా మూసుకుంటుంది. అంటే మీరు ఆ రెండు గీతలు చూసే రోజుకి ఆ పని అయిపోయినట్టే. గుండె కొట్టుకుంటూ ఉంటుంది, లోపల గదులుగా విడిపోవడం మొదలవుతుంది. మొదటి అపాయింట్‌మెంటు ఎనిమిదో వారమో పదో వారమో అవుతుంది, ఈలోగా అవయవాల పునాదులు చాలావరకు పడిపోతాయి. ఆ కొద్ది వారాల్లో తల్లి రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే గుండె లోపాలు, వెన్ను లోపాలు, గర్భస్రావాలు పెరుగుతాయి. హెచ్‌బీఏ1సీ తగ్గేకొద్దీ ఆ ముప్పూ తగ్గుతూ వస్తుంది. బ్రిటన్‌లోని నైస్ అనే వైద్య సంస్థ మార్గదర్శకాలు 6.5 లోపు ఉంచుకోమని, 10 దాటి ఉంటే అసలు గర్భం ప్రయత్నించవద్దని చెబుతాయి. మీది మధ్యలో ఉంది. గర్భం వచ్చాక వారం వారం చూస్తామన్నది నిజమే, కానీ ఈ ఒక్క విషయంలో మేం వచ్చేది ఆట సగం అయ్యాకే.

ఇక ఆర్నెల్లే ఎందుకంటే, అదేమీ శిలాశాసనం కాదు. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు కాబట్టి మార్పు కనబడటానికే ఆ టైం పడుతుంది. ఇంకో కారణం చాలామంది చెప్పరు. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఒక్కసారిగా కిందికి లాగితే కంటి వెనక రెటీనా కొన్నాళ్లు ఇంకా పాడవ్వచ్చు. గర్భం కూడా రెటీనాను కదిలిస్తుంది. రెండూ ఒకేసారి పడకూడదు. అందుకే ముందు కళ్లు చూపించుకోమనేది, మెల్లగా తగ్గించమనేది.

బీపీ మాత్ర సంగతి. టెల్మిసార్టాన్ ఏ కుటుంబానికి చెందిందో ఆ మందులు నాలుగో నెల తర్వాత కూడా కొనసాగితే బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటివి ఉన్నాయి. మార్చుకోండి. అంతేగాని మీ అంతట మీరు ఆపేసి బీపీని గాలికొదలకండి, దయచేసి.

డాక్టరు ఇదంతా ఐదు నిమిషాల్లో కుక్కి చెప్పడం మాత్రం తప్పే. లిఫ్టు దగ్గర ఏడ్చినవాళ్లు మీరొక్కరే అనుకోకండి.

రెండు_గుండెలు | మంగళవారం, సాయంత్రం 5:18

నాకూ ఆర్నెల్లే చెప్పారు. కాకపోతే నాది లూపస్, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు. జబ్బు కనీసం ఆర్నెల్లు నిద్రలో ఉన్నాకే గర్భానికి రమ్మంటారు, లేకపోతే మధ్యలో లేచి కూర్చుంటుంది. నేను విన్నాను, ఆగాను, గర్భం వచ్చింది. ఆ ఆనందంలో చేసిన పిచ్చిపని ఏమిటంటే నా లూపస్ మాత్ర హైడ్రాక్సీక్లోరోక్విన్ మానేశాను. బిడ్డకు ఏమవుతుందోనని. ఎవరినీ అడగలేదు. తొమ్మిది వారాలకు కీళ్లు పట్టేశాయి, పన్నెండుకి మూత్రంలో ప్రోటీన్. డాక్టరమ్మ తిట్టలేదు గానీ "ఈ మాత్ర నీ బిడ్డ కోసం కూడానమ్మా" అంది. లూపస్ ఉన్న తల్లులు గర్భంలో మానకూడని మందుల్లో అదొకటట. మళ్లీ మొదలుపెట్టాక నెమ్మదించింది.

నాకు యాంటీ రో అనే యాంటీబాడీ కూడా ఉంది. అది మాయ దాటి వెళ్లి నూటికి ఇద్దరు బిడ్డల్లో గుండె లోపలి కరెంటు తీగల్ని పాడుచేస్తుంది, గుండె నిదానంగా కొట్టుకుంటుంది. అందుకే 16వ వారం నుంచి 26వ వారం దాకా తరచూ గుండె స్కానింగ్ చేశారు. ప్రతిసారీ ఆ టకటక వినబడేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. మావాడికి గుండె బాగానే ఉంది. పుట్టిన కొన్ని వారాలకి మొహం మీద, కళ్ల చుట్టూ ఎర్రటి మచ్చలు వచ్చాయి. ఏడో నెలకి వాటంతటవే పోయాయి, నా యాంటీబాడీలు వాడి రక్తంలోంచి వెళ్లిపోయాక. నా రోగం వాడి ఒంట్లో కొన్నాళ్లు అద్దెకుండి ఖాళీ చేసిందన్నమాట.

ఊపిరిబుడగ | మంగళవారం, రాత్రి 8:30

ఉబ్బసం వాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం ఒక్క మాట. గర్భంలో మూడో వంతు మందికి తగ్గుతుంది, మూడో వంతుకి పెరుగుతుంది, మిగతావాళ్లకి ఎలా ఉన్నది అలాగే. మీరు ఏ వంతో ముందు తెలీదు. ఇన్‌హేలర్ ఆపకండి. మీకు గాలాడకపోతే లోపలివాళ్లకీ ఆడదు.

చేతిరాత | బుధవారం, ఉదయం 9:47

మీకు కనీసం ఆగమని చెప్పేవాళ్లున్నారు.

నాకు ఫిట్స్. పదిహేనో ఏట వాల్‌ప్రోయేట్ పెట్టారు. ఫిట్స్ ఆగిపోయాయి, అందరూ సంతోషం. ఆ తర్వాత పన్నెండేళ్లలో కనీసం నలుగురు డాక్టర్లు ఆ చీటీ తిరగరాశారు. ఒక్కరంటే ఒక్కరు "నీకు పెళ్లయిందా, పిల్లల ఆలోచన ఉందా" అని అడగలేదు. డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒక రోజు తోచక చదివితే తెలిసింది. ఆ మందు మీదున్న తల్లుల బిడ్డల్లో నూటికి సుమారు పదిమందికి పుట్టుకతో లోపాలు. మాటలు, చదువు, ఎదుగుదల సమస్యలు వచ్చేది నూటికి 30 నుంచి 40 మందికి. 2018లో యూరప్ మందుల సంస్థ ఆంక్షలు పెట్టింది, గర్భం రాకుండా ఏర్పాటు ఉంటే తప్ప ఆడవాళ్లకి ఇవ్వొద్దని. నా చీటీ దాకా ఆ వార్త రాలేదు.

కోపంతో ఆ రాత్రే ఆపేశాను. నాలుగో రోజు వంటింట్లో పడిపోయాను. ఫిట్ ఆగకుండా వచ్చింది, రెండు రోజులు ఐసీయూ. కాబట్టి కోపం రావడం న్యాయమే, మందు ఆపడం మాత్రం మహా తప్పు. ఇప్పుడు లెవెటిరాసిటామ్ మీదున్నాను. మార్పిడికి ఎనిమిది నెలలు పట్టింది. పాప వయసు రెండేళ్లు, ప్రశ్నలతో ప్రాణం తీస్తోంది.

వార్డుపిల్లి | బుధవారం, మధ్యాహ్నం 1:10

@చేతిరాత, మీ కోపానికి నా దగ్గర సమాధానం లేదు. మా వృత్తిలో ఒక జబ్బు డాక్టరు ఒక అవయవాన్నే చూస్తాడు. మనిషికి గర్భసంచి ఉందన్న సంగతి ఎవరికి వారు పక్కగది వాళ్ల పని అనుకుంటారు. చదివేవాళ్లకి ఒక మాట. ఫిట్స్ ఉన్న తల్లుల్లో నూటికి 90 మందికి పైగా ఆరోగ్యమైన బిడ్డలే పుడతారు. లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందు వాడేవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, గర్భంలో శరీరం దాన్ని చాలా వేగంగా బయటికి పంపేస్తుంది. డోసు మారకపోయినా రక్తంలో మందు పడిపోతుంది. "ఇన్నాళ్లూ రాలేదు, ఇప్పుడే ఎందుకొచ్చింది ఫిట్" అంటే అదీ కారణం.

రెండుచుక్కలు | బుధవారం, మధ్యాహ్నం 3:33

నాది థైరాయిడ్. చిన్న జబ్బే, ఈ థ్రెడ్‌లో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. బిడ్డ థైరాయిడ్ గ్రంథి పని మొదలుపెట్టేదే పన్నెండో వారం దగ్గర. అప్పటిదాకా మెదడు ఎదగడానికి కావలసింది తల్లి దగ్గర అప్పు తీసుకోవాల్సిందే. నాకు ముందే చెప్పి పెట్టారు, టెస్టులో గీత పడిన రోజు నుంచే వారానికి [మోడరేటర్ తొలగించారు] మాత్రలు ఎక్కువ వేసుకుని ఫోన్ చెయ్యమని. ఇంకోటి, ఐరన్ మాత్రతో కలిపి మింగితే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. నాలుగు గంటల తేడా ఉండాలి. నాకు ఈ సంగతి అయిదో నెలలో తెలిసింది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఎందుకు దిగట్లేదా అని అందరూ తల గోక్కున్నాక.

మోడరేటర్ | బుధవారం, సాయంత్రం 4:00

ఎన్ని మాత్రలు, ఎన్ని యూనిట్లు అన్నది ఇక్కడ రాయకండి. ఒకరికి చెప్పిన లెక్క ఇంకొకరికి ప్రమాదం.

తుప్పుపట్టిన_బోల్టు | బుధవారం, రాత్రి 9:21

ఇంత దిగులు థ్రెడ్‌లో ఒక వింత చెప్పనా? నాకు రుమటాయిడ్ కీళ్లవాతం. గర్భంతో ఉన్న తొమ్మిది నెలలే నా పెద్దవయసులో నొప్పిలేని కాలం. మెట్లెక్కాను, సీసా మూతలు తిప్పాను! ఇది కొత్త సంగతి కాదట, అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు 1930లలోనే గమనించాడు, గర్భిణుల్లో కీళ్లవాతం నెమ్మదిస్తుందని. శరీరం తానే ఏదో మందు తయారుచేసుకుంటోందని వెతుక్కుంటూ పోయి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ దాకా వెళ్లాడు, 1950లో నోబెల్ వచ్చింది. బిడ్డ పుట్టిన ఆరు వారాలకి నా నొప్పులు వడ్డీతో సహా తిరిగొచ్చాయి. పసిదాన్ని ఎత్తుకోవడానికి మణికట్టు సహకరించేది కాదు. ఆ రోజులకి సాయం ఎవరో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఒక_నాన్న | గురువారం, రాత్రి 12:44

అందరూ బిడ్డకేమవుతుందని రాస్తున్నారు. బిడ్డ వల్ల తల్లి జబ్బుకేమవుతుందన్నది ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను.

నా భార్యకు కిడ్నీ మార్పిడి అయింది. ఇచ్చింది వాళ్ల అక్క. మార్పిడి తర్వాత కనీసం ఏడాది ఆగమన్నారు, మేం మూడేళ్లు ఆగాం. మైకోఫెనోలేట్ అనే మందు బిడ్డకు హాని చేస్తుందని ముందే ఆపి అజాథియోప్రిన్‌కు మార్చారు, కొత్త మందు మీద కిడ్నీ నిలకడగా ఉందని చూశాకే సరే అన్నారు. అప్పట్లో నేను రాత్రిళ్లు ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఎడిత్ హెల్మ్ అనే ఆవిడ గురించి దొరికింది. 1956లో తన కవల సోదరి కిడ్నీ పెట్టించుకుని 1958లో బిడ్డను కంది. మార్పిడి తర్వాత తల్లి అయిన మొదటి మనిషి ఆవిడే. ఆ కథను నా భార్యకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చివరికి "ఆవిడకీ నాకూ చుట్టరికం కలిపేస్తున్నావు" అని విసుక్కుంది.

మా బాబు 34 వారాలకి పుట్టాడు. బీపీ చెయ్యి దాటిపోయింది, ఆపరేషన్ చేసేశారు. బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి ముందు రోజే ఆమెకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశారు. ఇంక్యుబేటర్‌లో పదహారు రోజులు. ఇప్పుడు బాగున్నాడు. ఆమె క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగేది) మాత్రం గర్భానికి ముందు 1.2, తర్వాత 1.6. మళ్లీ కిందికి దిగలేదు. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుందట, అదంతా వడకట్టాల్సింది ఆ ఒక్క కిడ్నీయే. కిడ్నీ ముందే ఎంత బలహీనంగా ఉంటే వెనక్కి రాకుండా దిగిపోయే అవకాశం అంత ఎక్కువని తర్వాత చదివాను. ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే మా నిర్ణయం మారేది కాదేమో. చెప్పి ఉండాల్సింది.

పాతకాపు | గురువారం, ఉదయం 6:30

ఇన్ని చదివాక అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు. ఇంత ప్రమాదం తెలిసీ కనడం స్వార్థం కాదా? దత్తత తీసుకోవచ్చు కదా.

చేతిరాత | గురువారం, ఉదయం 6:41

మొన్న "టెన్షన్ పడకు, కనేసెయ్" అన్నారు. ఇవాళ "కనకు". మధ్యలో ఆగి ఆవిడకేం కావాలో అడగరేం?

పేరులేదు_అనుకోండి | గురువారం, ఉదయం 10:05

@పాతకాపు గారూ, ఈ స్వార్థం అనే మాట నాకు పదేళ్ల క్రితం నా సొంతవాళ్లు అన్నారు. నాకు హెచ్‌ఐవీ ఉంది. ఇక్కడ నా మామూలు ఐడీతో రాయట్లేదు, కొత్తది తెరిచాను.

మందులేవీ లేకుండా వదిలేస్తే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు తల్లి నుంచి వస్తుంది. 1994లో ఒకే ఒక్క మందు, జిడోవుడిన్ ఇచ్చి చూస్తేనే 25.5 శాతం నుంచి 8.3 శాతానికి పడిపోయింది. ఇప్పటి మందులు సరిగ్గా వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గాక గర్భం దాలిస్తే నూటికి ఒక్కరి కంటే తక్కువ. నేను ముందు ఏడాదిన్నర పాటు ఒక్క పూట తప్పకుండా మాత్ర వేసుకున్నాను. మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. నెగెటివ్. జబ్బు అదే, మనిషీ అదే. మారిందల్లా గర్భానికి ముందు రక్తంలో ఏముందన్నదే. ముత్యాలగొలుసు గారూ, మీ ఆర్నెల్లు కూడా దానికేనేమో.

పాతకాపు | గురువారం, ఉదయం 11:20

మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. తెలియక అన్నాను.

వాన_వెలిసాక | శుక్రవారం, రాత్రి 1:15

నేనూ టైప్ 1. రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

నేను ఆగాను. ఏడాది. హెచ్‌బీఏ1సీ 6.1తో గర్భం. వేలు పొడుచుకోని గంట లేదు. 20వ వారం స్కాన్ బాగుంది, గుండె స్కాన్ బాగుంది. 36వ వారంలో ఒక సాయంత్రం కదలికలు తగ్గినట్టనిపించింది. పడుకుందేమో, పొద్దున చూద్దాం అనుకున్నాను. పొద్దున గుండె చప్పుడు లేదు.

ఆగమన్న సలహా తప్పని నేననను. మళ్లీ అయినా ఆగుతాను. కాని ఇక్కడ అందరూ "నియంత్రణలో ఉంటే అంతా బాగుంటుంది" అంటుంటే, బాగుండనివాళ్లం ఏదో తప్పు చేసినట్టు వినిపిస్తుంది. ఆ ఒక్క రాత్రి తప్ప నేనేం తప్పు చేశానో నాకు తెలీదు.

వార్డుపిల్లి | శుక్రవారం, ఉదయం 7:50

@వాన_వెలిసాక, మీరు రాయడం మంచిదయింది. నా మొదటి పోస్టులో ఈ సగం లేదు.

టైప్ 1 ఉన్న తల్లుల్లో బిడ్డ కడుపులోనే పోవడం మామూలు తల్లుల కంటే ఇవాళ్టికీ కొన్ని రెట్లు ఎక్కువ. షుగర్ బాగుంటే ఆ ముప్పు తగ్గుతుంది, సున్నా కాదు. అందుకే ఈ తల్లుల్ని 40 వారాల దాకా ఉంచరు, అంతా సవ్యంగా ఉన్నా 37, 38 వారాల మధ్య ప్రసవం చేసేస్తారు. మీకు ఆ తేదీకి ముందే జరిగింది. ఆ రాత్రి గురించి మీరనుకునేది నేను మార్చలేను. వెంటనే వచ్చినా పరిస్థితి వేరుగా ఉండేదని ఖాయంగా చెప్పగల డాక్టరు ఎవరూ లేరు. చదివేవాళ్లు మాత్రం, కదలికలు తగ్గితే ఏ వేళైనా సరే, పది సార్లయినా సరే, వెళ్లండి. ఉత్తదే అని తేలినందుకు మేం విసుక్కోం. విసుక్కుంటే మా తప్పు.

ముత్యాలగొలుసు గారికి మిగిలింది కూడా చెప్పేస్తాను. గ్లూకోజు మాయ దాటుతుంది, మీ ఇన్సులిన్ దాటదు. ఎక్కువైన చక్కెరను అరిగించుకోవడానికి బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువ చేసుకుంటుంది. దాంతో ఒళ్లు, ముఖ్యంగా భుజాలు, పొట్ట పెరుగుతాయి. ప్రసవంలో భుజం ఇరుక్కునే భయం అందుకే. పుట్టగానే మీ నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఆ జోరులోనే ఉంటుంది, షుగర్ పడిపోతుంది. కోపెన్‌హేగెన్‌లో పెడర్సన్ అనే డాక్టరు 1950లలో చెప్పిన సిద్ధాంతం ఇది, ఇప్పటికీ నిలబడింది. చాలా ఏళ్లుగా షుగర్, పైగా బీపీ ఉన్నవాళ్లలో ఒక్కోసారి దీనికి తలకిందులుగా జరుగుతుంది. రక్తనాళాలు బిగుసుకుని మాయకు రక్తం చాలక బిడ్డ చిన్నదిగా ఉంటుంది. మీకు రెండూ ఉన్నాయి కాబట్టి ఏ వైపు పోతుందో తరచూ స్కాన్ చేసే చూడాలి. ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) ముప్పు తగ్గడానికి పన్నెండో వారం నుంచి చిన్న డోసు ఆస్పిరిన్ కూడా వేసుకోమంటారు, భయపడకండి.

ముత్యాలగొలుసు | శనివారం, రాత్రి 10:30

అందరివీ రెండేసి సార్లు చదివాను. వాన_వెలిసాక గారూ, మీకు ఏం చెప్పాలో తెలీలేదు, అందుకే ఆలస్యం. ఆగుతాను. ఇంకో డాక్టరును చూసుకున్నాను, ఈవిడ కూర్చోమని చెప్పింది ముందు.

ముత్యాలగొలుసు | 4 నెలల తర్వాత

ఎవరైనా ఇంకా చదువుతున్నారా? ఒంటికి అంటించుకునే సెన్సర్ పెట్టుకున్నాను. ఇన్నేళ్లూ రాత్రి రెండింటికి నా షుగర్ 240 దగ్గర తిరుగుతోందని ఇప్పుడే తెలిసింది. నిద్రలో నేనే దొంగ, నేనే పోలీసు. హెచ్‌బీఏ1సీ 7.1. బీపీ మాత్ర లాబెటలాల్‌కు మారింది. కంట్లో చిన్న చుక్కలున్నాయట, మూడు నెలలకోసారి రమ్మన్నారు.

వార్డుపిల్లి

చదువుతున్నాం. సెన్సర్ మంచి పని. 2017లో వచ్చిన కాన్‌సెప్ట్ అనే పరిశోధనలో టైప్ 1 గర్భిణులకు సెన్సర్ పెడితే మరీ పెద్ద బిడ్డలు తగ్గారు, ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూ) 24 గంటలు దాటి ఉండాల్సినవాళ్లూ తగ్గారు. తొందరపడి ఇంకా కిందికి లాగకండి.

ముత్యాలగొలుసు | 9 నెలల తర్వాత

6.4. ఎనిమిది వారాలు. ఇంట్లో కూడా ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను.

హైపోల (షుగర్ మరీ పడిపోవడం) సంగతి ఎవరూ హెచ్చరించలేదేం? నిన్న తెల్లవారుజామున 46. మా ఆయన లేపితే "నువ్వెవరు" అన్నానట. ఇప్పుడు మంచం పక్కన గ్లూకోజు మాత్రలు, ఫ్రిజ్‌లో షుగర్ పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్. ఎలా వాడాలో బొమ్మ మీద ఆయన నేర్చుకుంటున్నాడు.

వాన_వెలిసాక

మొదటి మూడు నెలలు అంతే. ఆ తర్వాత ఉల్టా, ఎంత ఇన్సులిన్ పొడిచినా చాలదు. మూడో త్రైమాసికానికి రెట్టింపయింది నాకు. అలా పెరగడం మంచిదే, మాయ పనిచేస్తోందని. హఠాత్తుగా అవసరం తగ్గిపోతే మాత్రం ఫోన్ చెయ్యండి.

ఒక_నాన్న

గ్లూకగాన్ నేర్చుకునే ఆయనకు నా సానుభూతి. మొదటిసారి నేనైతే సూది నా బొటనవేలికే గుచ్చుకున్నాను, నా భార్యకు బీపీ పెరిగినప్పటి వేరే ఇంజెక్షన్ అది.

ముత్యాలగొలుసు | 14 నెలల తర్వాత

28 వారాలు. గుండె స్కాన్ బాగుంది. ఇన్సులిన్ గర్భానికి ముందున్న దానికి దాదాపు రెట్టింపు. కళ్లు నిలకడగా ఉన్నాయి. గత వారం రాత్రి కదలికలు తగ్గాయనిపించి వెళ్లాను. ఉత్తదే. నాలుగు రోజులకి మళ్లీ వెళ్లాను. మళ్లీ ఉత్తదే. నర్సు "మూడోసారి కూడా రండి" అంది.

వాన_వెలిసాక

వెళ్లండి.

ముత్యాలగొలుసు | 16 నెలల తర్వాత

నిన్న మధ్యాహ్నం. 37 వారాల 4 రోజులు. బీపీ పెరుగుతోందని నొప్పులు తెప్పించారు, పద్నాలుగు గంటల తర్వాత ఆపరేషన్ చేశారు. పాప. పుట్టిన గంటకి దాని షుగర్ 31 ఉంది, ఎన్ఐసీయూకి తీసుకెళ్లి సెలైన్‌లో గ్లూకోజు ఎక్కిస్తున్నారు, ఈ పొద్దున 58. రేపు నా గదికి ఇస్తామన్నారు. మాయ బయటికొచ్చిన రాత్రే నా ఇన్సులిన్ అవసరం సగం కూడా లేకుండా పడిపోయింది. డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే పాత లెక్కలో పొడుచుకుని ఉండేదాన్ని.

రెండు_గుండెలు

శుభాకాంక్షలు!! ఎన్ఐసీయూ అద్దం ముందు ఎక్కువసేపు నిలబడకండి, కుట్లు లాగుతాయి. కుర్చీ అడగండి.

వార్డుపిల్లి

పాలిచ్చేటప్పుడు కూడా షుగర్ పడుతుంది. పక్కన ఏదైనా తినేది పెట్టుకుని కూర్చోండి.

వాన_వెలిసాక

ఎంత బరువు?

ముత్యాలగొలుసు

3 కిలోల 710. సెన్సర్ పెట్టుకునీ, అన్నీ చేసీ. భుజాలు చూసి డాక్టరమ్మ నవ్వింది.

వాన_వెలిసాక

మాదీ అంతే ఉండేది. ఫోటో పెట్టగలిగితే పెట్టండి. ఇవాళ చూడగలను.